విమానం వెల్లకిలా

నాగమల్లేశ్వరికి కోపం వస్తే మాట తగ్గుతుంది, చేతి బరువు పెరుగుతుంది. ఆ సోమవారం కొండపల్లిలో, వాళ్ళింటి అరుగు మీద, అంబారీ ఏనుగు బొమ్మలకి చెవులు చెక్కుతూ రెండు విరగ్గొట్టింది.

"మళ్ళీ లాక్కున్నాడా?" అన్నాడు హనుమయ్య, పక్కన కూర్చుని రంగులు వేసుకుంటున్న మొగుడు.

"లాక్కున్నాడు."

లాక్కున్నది రిమోట్. లాక్కున్నవాడు సూర్యప్రకాష్, పటమటలో టైల్స్ షాపు ఉన్నాయన. తను సరదాకి ఎగరేసే రిమోట్ విమానంలో కూర్చోబెట్టడానికి చిన్న పైలట్ బొమ్మ కావాలని నిరుడు వీళ్ళింటికి వచ్చాడు. బొమ్మ ఇవ్వడానికి వెళ్ళిన నాగమల్లేశ్వరి, పటమట దాటాక ఇంకా ఇళ్ళు కట్టని ఒక ప్లాట్ల వెంచర్లో, ఖాళీ తారురోడ్డు మీంచి లేచిన విమానం ఆకాశంలో గిరికీ కొట్టడం చూసింది. నలభై దాటిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్రని పలచగా చీల్చి తనే ఒకటి చేసింది. మోటారు, బ్యాటరీ ఆయనే తెప్పించి పెట్టాడు. ఎగరెయ్యడం ఆయనే నేర్పాడు. ఆ మేలు ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఎగరెయ్యడం వచ్చింది. దింపడం వచ్చింది. నిలువు గిరికీ వచ్చింది. రానిదల్లా విమానాన్ని దొర్లించి వెల్లకిలా నడపడం. వెల్లకిలా పడ్డాక అన్నీ తిరగబడతాయి. ముక్కు పైకి లేవాలంటే రిమోట్ మీది పుల్లని లాగకూడదు, ముందుకి తొయ్యాలి. అది ఆమెకి కంఠతా వచ్చు. కానీ దొర్లుతున్న విమానం ఎటు తిరిగి ఉందో కంటికి అందేది కాదు. బొటనవేలు ఆగిపోయేది. ఆ ఆగడం కోసమే కాచుకున్నట్టు సూర్యప్రకాష్ చెయ్యి వచ్చేది.

"ఇటివ్వక్కా, ఇటివ్వు. కొంప మునుగుద్ది."

లాక్కుని, ఆమె విమానాన్నే పదేపదే దొర్లించి దింపేవాడు. కుర్చీల్లో కూర్చున్న అతని స్నేహితులు చప్పట్లు కొట్టేవాళ్ళు.

"అక్కకి చూపు ఆనట్లేదురా!"

ఆమె కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. దూరపు చూపు బాగానే ఉందమ్మా అన్నాడాయన. ఆమె నమ్మలేదు.

తరువాతి ఆదివారం సూర్యప్రకాష్ బ్యాటరీ మార్చడానికి తన విమానాన్ని చాప మీద తిరగేసి పెట్టాడు. కడుపు నిండా అడ్డంగా లావుపాటి నల్ల చారలు. ఆమె మిగతా విమానాలు కూడా ఒక్కొక్కటే తిప్పి చూసింది. అన్నిటికీ చారలే. తన విమానం పైన ఎరుపు, కింద ఒట్టి సుద్ద తెలుపు. కొండపల్లి బొమ్మకి అడుగున రంగు వేయరు. అడుగు పీటకి ఆనుకుని ఉంటుంది, ఎవరూ చూడరు. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు అది.

"ఈ చారలెందుకండీ?"

"నలుపు కనపడితే తిన్నగా ఉన్నట్టు. లేకపోతే వెల్లకిలా. చారల్లేకపోతే కడుపు ఎండలో కలిసిపోద్ది కదక్కా."

"నా దానికి లేవని మీకు తెలుసా?"

"మొదటి రోజే చూశా." నవ్వాడు. "బొమ్మలోళ్ళకి రంగుల సంగతి నేను చెప్తే ఏం బాగుంటది? నీ పద్ధతి నీకుంటదని ఊరుకున్నా."

కుర్చీలు కూడా నవ్వాయి.

ఆమె ఆ రోజు ఎగరెయ్యలేదు. రెక్కలు ఊడదీసి, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చింది.  ఇంట్లోకి రాగానే నల్ల రంగు కలిపింది.

"అడుక్కి రంగేంటే? ఎవరన్నా వేస్తారా?" అన్నాడు హనుమయ్య.

"మీరు వేయరు. నేనూ వేయలేదు. వాడు చూస్తా ఊరుకున్నాడు. ఏడాది పాటు నాకు కళ్ళే లేవనుకున్నాను."

హనుమయ్య లావు కుంచె ఆమె వైపు జరిపాడు.

మళ్ళీ ఆదివారం విమానం లేచింది. తెల్లటి ఎండలో నల్ల చారలు స్పష్టంగా కనిపించాయి. దొర్లించింది. చారలు పోయి ఎరుపు వచ్చింది. ముక్కు నేల వైపు వాలసాగింది. పక్కనుంచి చెయ్యి వచ్చింది.

"ఇటివ్వక్కా!"

"చెయ్యి తియ్."

ఏడాదిగా అండీ అన్న నోరది. అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆమె పుల్లని ముందుకి తోసింది. ముక్కు లేచింది. విమానం వెల్లకిలా, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా, గీత గీసినట్టు పోయింది. వెనక చప్పట్లు మొదలయ్యాయి.

"ఆపండి," అంది ఆకాశం మీంచి కళ్ళు తిప్పకుండా. ఆగాయి.

"ఎవరు నేర్పారనుకున్నార్రా మరి!" అన్నాడు సూర్యప్రకాష్ కుర్చీల వైపు తిరిగి.

ఆమె విమానాన్ని వెనక్కి మళ్ళించింది. మళ్ళీ వెల్లకిలా వేసింది. ఈసారి బాగా కిందికి, కుర్చీల వైపు తెచ్చింది. ఒకడు బోర్లా పడ్డాడు. ఇద్దరు కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తారు. సూర్యప్రకాష్ తల మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డు పక్క కంకరలో కూలబడ్డాడు.

"అక్కా, దింపక్కా!"

విమానం వాళ్ళని దాటి పైకి లేచింది. బ్యాటరీలో ఇంకా సగం ఉంది. ఆమె మళ్ళీ మలుపు తిప్పింది.