నరసింహులు లెక్క

పామిడి చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆటల పోటీలు జరిగినా గ్రౌండులో సున్నంతో గీతలు గీసేది నరసింహులే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందెం, అన్నిటి కొలతలూ అతని తాడులో ముడులుగా ఉంటాయి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన నాకే, ఈ శ్రీరంగప్పకే, ఒక్కోసారి ఖోఖో స్తంభాల మధ్య దూరం గురించి అనుమానం వచ్చేది. నరసింహులుకు ఎప్పుడూ రాలేదు.

అలాంటి మనిషి ఆరు నెలల పాటు ఒక లెక్క తప్పు చెప్పాడు. తెలిసే చెప్పాడు, భయంతో చెప్పాడు. అది సొంత కూతురి ప్రాణం మీది లెక్క. ఆ సంగతి మాకు తెలిసి ఉంటే ఆ పిల్లను పెన్న ఇసుకలో పరిగెత్తించే పాపం నేను కట్టుకునేవాణ్ణి కాదు.

ముందు ఆ లెక్కేమిటో చెప్పాలి. ఆటగాడు ఆట ముగించి వచ్చి నిలబడగానే నరసింహులు వెళ్లి వాడి వీపు మీద చెయ్యి వేస్తాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్క పెడతాడు. ఆటగాడు తన పేరు, నాయన పేరు, ఊరి పేరు ఒక్క గుక్కలో చెప్పాలి. మధ్యలో ఊపిరి తెగితే మళ్లీ తన పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఏ అంకె దగ్గర చెప్పగలిగితే అది వాడి లెక్క. అంకె ఎంత చిన్నదైతే మనిషి అంత గట్టివాడని అర్థం. సున్నం చేతులతోనే పట్టుకుంటాడు కాబట్టి వీపు మీద తెల్లగా అయిదు వేళ్లు పడతాయి. ఆ గుర్తును దులుపుకోకుండా ఇంటిదాకా పోయే పిల్లల్ని నేను ఎందరినో చూశాను.

"ఆట యాదైనా కానీ సార్, ఊపిరి ఒకటే. అది ఎంత బిరీన దిగుతాదో సూడాల, అంతే" అనేవాడు.

ఎవరు గొప్ప అనే వాదన మా ఊళ్లో రోజూ ఉండేదే. రహంతుల్లా టీ హోటల్ ముందు బెంచీ మీద నేను ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేవాడి పక్షం. వయసులో కుస్తీ పట్టిన రహంతుల్లాకు పహిల్వాన్ తప్ప మిగతా వాళ్లంతా గడ్డిపోచలు. కబడ్డీ ఆడే తిప్పేష్, ఊపిరి బిగబట్టి కూత పెట్టేవాడి ముందు ఎవరైనా దిగదుడుపే అంటాడు. రహంతుల్లా కొడుకు అర్హాన్ ఫాస్ట్ బౌలరు. ఎండలో ఇరవై ఓవర్లు వేసి చూపించండి, అప్పుడు మాట్లాడదాం అంటాడు. ఎవడి మాటా ఎవడూ వినడు. నోరు నొప్పి పుట్టాక టీ తాగి లేస్తాం.

మే నెలలో ఒక సాయంత్రం అర్హాన్ ఫోన్లో ఏదో జాబితా పట్టుకొచ్చాడు. అన్ని ఆటల్లోకీ గట్టివాళ్లెవరో లోకం మొత్తానికీ వరస పెట్టారట. మొదటి పేరు ఈతగాడిది.

"ఈత కొట్టేటోడా?" అని రహంతుల్లా గ్లాసు కింద పెట్టేశాడు. "నీళ్లలో మనిషి బరువే ఉండదు గదప్పా! బరువు లేనోడు మొదటోడు ఎట్లయితాడు?"

"అయితే బరువులెత్తేటోడు మొదట వస్తాడా? నాలుగు అడుగులు ఉరికితే వాడు కూలబడతాడు" అన్నాడు తిప్పేష్. "అవన్నీ వద్దన్నా. మన ఊర్లో అందరికన్నా గట్టిది గంగాదేవి. నరసింహులన్న లెక్కలో ఆ పాపది ఎప్పుడూ పదైదే."

గంగాదేవి నరసింహులు ఒక్కగానొక్క కూతురు. పంతొమ్మిదేళ్లది, ఖోఖో ఆడుతుంది. పది రోజుల్లో రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్లాలి. తిప్పేష్ లెక్క ఇరవై నాలుగు, అర్హాన్‌ది ఇరవై ఎనిమిది. పదిహేనుకు దరిదాపుల్లోకి వచ్చినవాడు లేడు.

అర్హాన్‌కు మండింది. "కూతురి లెక్క నాయనే పెడితే పదైదే వస్తాది లే. ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టి చూద్దాం, రాండి."

ఇలాంటి మాట వింటే నేను ఆగలేను. ఆదివారం పొద్దున ఏడింటికి పెన్నలో పందెం అని అక్కడికక్కడే తీర్మానం చేసేశాను. ఒడ్డు నుంచి బ్రిడ్జి స్తంభం దాకా ఇసుకలో పోయి రావాలి, తర్వాత నరసింహులు లెక్క, పక్కన ఫోను.

బెంచీ చివర కూర్చున్న నరసింహులు "వద్దు సార్" అన్నాడు. "ఎండలు జాస్తిగా ఉండాయి."

"ఎండ ఎప్పుడు లేదయ్యా మనకు? కూతురు ఓడిపోతుందని భయమా?" అని ఎగతాళి చేశాను. అతని చేతిలో టీ తొణికి పంచె మీద పడింది. అది చూసి కూడా నవ్వాను. నా నోటిదురుసుకు నన్ను నేను తిట్టుకున్నది ఆ తర్వాత.

అతని భయం వెనక సంగతి ఇది, తర్వాత నాతో చెప్పాడు. డిసెంబరులో ఒక ఆట అయ్యాక కూతురి వీపు మీద చెయ్యి వేస్తే, పది దాటినా ఊపిరి దిగే జాడ లేదు. ఆ దడ అతని చేతికి కొత్తది కాదు. ఎనిమిదేళ్ల కిందట ఆయాసంతో చనిపోయిన భార్య చౌడమ్మ వీపు నిమిరిన చెయ్యి అది. మిగిలిన అంకెల మధ్య కాస్త కాస్త సాగదీసి, పదిహేను దగ్గరే ముగించాడు. మర్నాడు ఇంకాస్త సాగదీశాడు.

"పైకి చెప్తే నిజమైపోతాదనిపించినాది సార్" అన్నాడు. "పదైదు అన్నంత సేపూ ఏమీ కానట్లే ఉండె."

ఆదివారం పొద్దున ఊరు ఊరంతా ఒడ్డు మీదే ఉంది. నరసింహులు అలవాటు కొద్దీ సున్నంతో గీత గీశాడు. గీతెప్పుడూ తాడు లాగినట్టు ఉండేది, ఆ రోజు వంకరపోయింది. నేను చూశాను, కానీ పట్టించుకోలేదు.

ముగ్గురూ ఉరికారు. పాదం మునిగే ఇసుక అది. గంగాదేవి మొదట తిరిగొచ్చింది, వెనక తిప్పేష్, ఆ వెనక అర్హాన్. కానీ ఆ పిల్ల గీత దాటగానే, లెక్క చివర్లో చూద్దామని సైగ చేసి పక్కకు కూర్చోబోయింది. కూర్చుంటే ఒప్పుకోం అని అర్హాన్ రొప్పుతూనే అరిచాడు. సరే, ముగ్గురూ కాసేపు ఆగి ఒక్కొక్కరే మళ్లీ పరిగెత్తాలి, వచ్చినవాళ్లను వచ్చినట్టే లెక్క పెడదాం అన్నాను. తగుదునమ్మా అని ఆ మాట అన్నది నేనే.

తిప్పేష్ లెక్క ఇరవై అయిదు, ఫోనులోనూ ఇరవై అయిదే. అర్హాన్ లెక్క ఇరవై ఎనిమిది, ఫోనులోనూ అంతే. సెకను తేడా లేదు. జనం ఈలలు వేశారు.

గంగాదేవి రెండోసారి వచ్చింది. నరసింహులు వీపు మీద చెయ్యి వేశాడు.

"ఒకటి."

చాలాసేపటికి "రెండు" అన్నాడు.

"గంగాదేవి..." అని ఆ పిల్ల ఆగిపోయింది. మళ్లీ "గంగాదేవి..." అంది. నాయన పేరు దగ్గరికి రాలేకపోతోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టు అయ్యాయి.

"అయిదు" అన్నాడు నరసింహులు. అతని గొంతు నాకు అప్పుడు వినిపించింది. అది లెక్క పెట్టే గొంతు కాదు, బతిమాలే గొంతు.

అర్హాన్ ఫోను చూసి, అతణ్ణి చూసి, నెమ్మదిగా అన్నాడు. "అన్నా, ఈడ ముప్పై దాటిపాయ. నువ్వు అయిదు కాడే ఉండావు."

ఒడ్డు మీద ఈలలు ఆగిపోయాయి. పిల్ల మోకాళ్ల మీద ఇసుకలో కూలింది. నరసింహులు ఆమెతో పాటే కూలి, నా వైపు చూసి అరిచాడు. "అబద్ధం సార్! డిసెంబరు నుంచీ అబద్ధమే చెప్తాండా! వాళ్లమ్మకు వచ్చిందే దీనికీ వచ్చినాది సార్!"

నా వయసుకు నేను చాలా చూశాను. అంత భయం మాత్రం మనిషి ముఖంలో చూడలేదు. తిప్పేష్ పిల్లను భుజాన వేసుకుని ఒడ్డు ఎక్కాడు. రహంతుల్లా కారు తీశాడు. అనంతపురం దాకా వెనక సీట్లో నరసింహులు కూతురి వీపు మీద చెయ్యి తియ్యలేదు, ఒక్క అంకె పలకలేదు. చచ్చిపోతుందేమోనని నేను దారంతా ముందు అద్దంలోంచే వాళ్లను చూస్తూ కూర్చున్నాను, వెనక్కి తిరిగే ధైర్యం లేక.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. గుండెలో ఒక కవాటం ముడుచుకుపోయిందని, చిన్నప్పుడు కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం వల్ల కావచ్చని, ఆపరేషన్ చెయ్యాలని చెప్పింది. తర్వాత మంచం పక్కకు వచ్చి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఈ ఆయాసం?"

"చానా దినాల నుంచి ఉండాది మేడమ్" అంది గంగాదేవి, ముక్కు మీది మాస్కు పక్కకు జరిపి. "రేత్రిళ్లు పండుకుంటే గూడా ఊపిరి ఆడేది కాదు."

"మరి ఎవరికీ చెప్పలేదెందుకు?"

"మా నాయన పదైదే అన్న్యాడు గదా. మా నాయన లెక్క తప్పదు. నాకేమీ లేదులే, ఊరికే అట్ల అనిపిస్తాందేమో అనుకున్న్యా."

నర్సు పిల్లను పక్కకు తిప్పి, చొక్కా మీది తెల్లటి అయిదు వేళ్ల గుర్తును ఏదో మురికి అనుకుని దులిపేసింది.

ఆపరేషన్ కొత్తచెరువు ఊరి అవతలి పెద్దాసుపత్రిలో జరిగింది. అది జరిగిన అయిదు గంటలూ నరసింహులు వరండాలో తాడు ముడులు విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉన్నాడు. ఏ ముడి ఏ ఆటదో తనకే గుర్తు రావడం లేదన్నాడు.

నేను మళ్లీ వెళ్లేసరికి వారం దాటింది. పిల్ల వరండాలో గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచి తిరిగొచ్చి నిలబడింది. పాతిక అడుగులు ఉంటాయేమో.

"లెక్క పెట్టు నాయనా" అంది.

"వద్దు పాపా. ఇంగ ఆ లెక్క వద్దు."

"పెట్టు. ఈసారి సరిగ్గా పెట్టు."

నరసింహులు చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. దాని మీద సున్నం లేదు. ఆ చెయ్యి కూతురి వీపు మీద వేసి మొదలుపెట్టాడు. నేను గోడ గడియారం చూశాను. అంకెకు సెకను, ఎక్కడా సాగలేదు. పిల్లకు రెండుసార్లు ఊపిరి తెగింది. తెగినప్పుడల్లా మళ్లీ తన పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టింది, అయినా అతను అంకె ఆపలేదు.

"గంగాదేవి, నాయన పేరు నరసింహులు, ఊరు పామిడి."

"నలభై మూడు" అన్నాడు, వార్డంతా వినపడేటట్టు.

"అయితే నేను యాడ ఉండా ఇప్పుడు?"

నరసింహులు నన్ను చూశాడు. ఒక్క చిన్న అబద్ధానికి నేనైతే అప్పుడు తలూపేవాణ్ణే.

"అందరికన్నా కడాన ఉండావు పాపా" అన్నాడు.

ఆ పిల్ల సరేనని తలాడించి, గోడ పట్టుకుని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.