పదకొండు రోజుల రిమాండు, ఒక్క రోజు శిక్షణ

జిల్లాలోని మేజిస్ట్రేట్లకూ ప్రాసిక్యూటర్లకూ భావప్రకటనా స్వేచ్ఛ చట్టం మీద బందరులో ఒక రోజు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం గంటన్నర సేపు నన్ను మాట్లాడమన్నారు. నేను గుడివాడలో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్న ప్లీడర్ని. నిర్వాహకుడు ఫోన్లో ఒకే ఒక్క షరతు పెట్టాడు. "లోకల్ కేసులు వద్దు మేడం. జనరల్‌గా చెప్పండి చాలు."

సరేనన్నాను. పిలిచి పెద్దపీట వేస్తుంటే కాదనబుద్ధి కాలేదు.

కానీ నా మనసులో ఉన్నది లోకల్ కేసే. మా ఇంట్లో వంట చేసే ఆవిడ చెల్లెలి భర్త పాలకాయతిప్ప దగ్గర పీతల వేటకి వెళ్తాడు. అంతకు ముందు ఏడాది కృష్ణకి వరద వచ్చినప్పుడు, కరకట్ట మీద నీళ్లకి అడ్డంగా పేర్చిన ఇసక బస్తాల్లో ఒకటి చేత్తో చించి ఫోన్లో వీడియో తీశాడు. "ఇది ఇసక కాదండీ, మట్టిపెళ్లలు. నీళ్లు తగిల్తే కరిగిపోతయ్. ఒక్క ఆఫీసరూ వచ్చి చూళ్లేదు. పిల్లల్ని తీసుకుని మెరక మీదకి వెళ్లిపోండి" అన్నాడు. అంతే ఆ వీడియో.

కట్ట తెగలేదు. తెగి ఉంటే అతన్ని మెచ్చుకునేవాళ్లేమో. తెగలేదు కాబట్టి పుకారన్నారు. మూడో రోజు పొద్దున వల బాగుచేసుకుంటున్నవాణ్ణి జీపెక్కించారు. పుకార్లతో జనాన్ని భయపెట్టాడని ఒక సెక్షన్ పెట్టారు, ఐటీ చట్టంలో అరవై ఆరు-ఏ అని ఇంకొకటి. ఆ రెండోది సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసిన సెక్షన్. మొదటిదానికి పడేది మహా అయితే మూడేళ్లు. అంత చిన్న నేరానికి ముందు నోటీసిచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కారణాలు రాయాలి. నోటీసు లేదు, కారణాలూ లేవు. అయినా రిమాండు రిపోర్టు మీద మేజిస్ట్రేటు సంతకం పడింది. పదకొండు రోజులు సబ్‌జైల్లో ఉన్నాడు. బెయిలు పిటిషన్ వేసి బయటికి తెచ్చింది నేనే.

శిక్షణ రోజు చల్లటి హాల్లో, ముందర ఫైళ్లు పెట్టుకుని నలభై మంది దాకా కూర్చున్నారు. నేను పాత తీర్పులన్నీ వరసగా చెప్పుకుంటూ వెళ్తున్నాను. మధ్యలో ఒక సీనియర్ ప్రాసిక్యూటరు చెయ్యెత్తాడు.

"ప్రతివాడి చేతిలో ఫోనుంది మేడం. ఎవడేం వాగినా వదిలెయ్యమంటారా? ఇయ్యన్నీ ఢిల్లీ కబుర్లండీ. ఇక్కడ పనికిరావు."

హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. బ్యాగులోంచి ఆ రిమాండు రిపోర్టు నకలు తీశాను. దాన్ని ఎందుకు పెట్టుకొచ్చానో అప్పటిదాకా నాకే తెలియదు. పేరూ ఊరూ వదిలేసి మొత్తం చదివి, "ఇందులో తప్పులు మీరే చెప్పండి" అన్నాను.

వెనక వరసలో ఒక చిన్నవయసు మేజిస్ట్రేటు, "అరవై ఆరు-ఏ ఇప్పుడు లేదు కదండీ" అంది. ఇంకొకాయన నోటీసు సంగతి ఎత్తాడు. మరొకాయన, అరెస్టుకి కారణాలు లేవన్నాడు. రెండు నిమిషాల్లో తప్పులన్నీ బయటపడ్డాయి. అంటే అందరికీ తెలుసు! తెలియనివాళ్లకైతే పాఠం చెప్పొచ్చు. తెలిసీ సంతకం పెట్టేవాళ్లకి ఏ శిక్షణ ఇవ్వాలి?

అదే అడిగాను. ఇందాకటి ప్రాసిక్యూటరే జవాబిచ్చాడు. "సాయంత్రం అందరూ లేచే వేళకి పోలీసులు రిపోర్టు తెస్తారు మేడం. చదివే టైమేదండీ?"

"చదవడానికి లేని టైము సంతకానికి ఎక్కడినుంచి వచ్చిందండీ?" అన్నాను.

టీ విరామంలో ఒకాయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆ రిమాండు రోజు కోర్టులో ఉన్న మేజిస్ట్రేటు. "అది నా సంతకమే మేడం. కాదనను" అన్నాడు మెల్లిగా. "కానీ ఆ బెయిలు పిటిషన్‌లో మీరేం రాశారో గుర్తుందా? పేదవాడు, చదువు లేదు, తెలియక చేశాడు, క్షమాపణ చెప్తున్నాడు అని రాశారు. అతను మాట్లాడింది అసలు నేరమే కాదని ఒక్క ముక్క రాయలేదండీ."

నేను రాయకపోయినా చూడాల్సిన బాధ్యత మీదేనండీ అనొచ్చు. అది నిజం కూడా. కానీ ఆ క్షమాపణ రాయించింది నేనే. ములాఖత్‌లో చువ్వల అవతల నిలబడి, "నేను చూసిందే చెప్పానండీ" అన్నాడతను. "అదంతా తర్వాత చూద్దాం. సారీ అని రాసెయ్, త్వరగా బయటపడతావు" అన్నాను. అప్పటిదాకా హాల్లో వాళ్లమీద ఉన్న కోపం, కారెక్కేసరికి సగం నామీదకే తిరిగింది.

ఆ ఆదివారం దివిసీమలో అతనింటికి వెళ్లాను. కేసు కొట్టేయమని హైకోర్టులో పిటిషన్ వేద్దామన్నాను. అతను తలెత్తలేదు. జైలు నుంచి వచ్చాక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని అతని భార్య చెప్పింది. ఆమే నన్ను నిలదీసింది.

"అప్పుడు తప్పు ఒప్పుకోమంది మీరే కదమ్మగారూ. ఇప్పుడు తప్పే కాదని మీరే వస్తే, మేం దేన్ని నమ్మాలండీ?"

"అప్పుడు నేను చెప్పింది తప్పమ్మా. ఈసారి ఆ మాట కూడా కాగితం మీద రాస్తాను" అన్నాను.

దాని మీద వాళ్లు ఒప్పుకున్నారు. రాశాను. ఆ క్షమాపణ ప్లీడరు సలహా మీద ఇచ్చిందేననీ, ఆ సలహా సరైంది కాదనీ అఫిడవిట్‌లో పెట్టాను. బార్ అసోసియేషన్‌లో ఒక సీనియర్ ప్లీడరు, "సొంత చేత్తో మెడకి ఉరేసుకుంటారా ఎవరైనా?" అని తిట్టాడు. కొన్ని నెలలకి కేసు కొట్టేశారు. కళ్లెదుట కనిపించిన ప్రమాదం గురించి ఇరుగుపొరుగుని హెచ్చరించడం నేరం కాదని తీర్పులో ఉంది.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను. అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్తూ మొత్తం చదివాను. అతను కదలకుండా విన్నాడు. చదవడం అయ్యాక నోరు విప్పాడు.

"అనకూడదు గానీ అమ్మగారూ, నాకు మీమీద కూడా కోపంగా ఉందండీ."

"అను" అన్నాను.

మొదలుపెట్టాడు. నన్ను, పోలీసుల్ని, కోర్టుని, ఆ బస్తాలు నింపినవాళ్లని ఎవరినీ వదలకుండా తిట్టాడు. అతని భార్య కంగారుగా చెయ్యి పట్టుకోబోతే వద్దని ఆపాను. పొద్దు వాలేదాకా ఆ మాటలన్నీ కూర్చుని విన్నాను.