లావు చూసి కొన్న నవల

పలాసలో జీడిపిక్కల బస్తా చూసి, అందులోంచి ఎంత పప్పు దిగుతుందో అంచనా కట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుబడింది. నవలను కూడా అలాగే కొన్నాను, లావు చూసి.

అది మా అప్ప కోసం. అప్పంటే నా పెద్దక్క. వజ్రపుకొత్తూరు దగ్గర ఉంటుంది. రెండు కిడ్నీలూ పాడై, వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. కిందటి వేసవిలో ఒకరోజు డయాలసిస్ అయ్యాక మంచం దిగుతూ, "ఇంక నాను రాన్రా. నాలుగేసి గంటలు కట్టేసిన గొడ్డునాగ పడుండలేను" అంది. రాకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

పెళ్లికి ముందు అప్ప నవలలంటే పడిచచ్చేది. ఇప్పుడు చూపు ఆనదు. నేను చదివి వినిపిస్తే ఆ గంటలు గడుస్తాయనుకున్నాను. టెక్కలిలో పాత పుస్తకాల కొట్లో అన్నిటికంటే లావైనది తీసుకుని, పేజీలను వారాలకు పంచి చూసుకున్నాను. వానాకాలమంతా వస్తుంది.

"ఈ ఒక్కపాలికి రాయే అప్పా. కత నచ్చకపోతే మానీద్దువు" అని బతిమాలి తీసుకొచ్చాను. ఆ తర్వాత కూడా ప్రతిసారీ అరగంట బతిమాలడమే.

లెక్క పేజీలకే వేశాను. లోపల ఏముందో తిరగేసి చూడలేదు.

కథలో ఒక తల్లి తప్పిపోయిన కూతురిని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతుంది. సముద్రం మీద వేటకెళ్లే ఒకాయనది పక్క మంచం. నేను కూర్చోగానే, "ఏటి బావా, పిల్ల దొరికీసిందా?" అని అడిగేవాడు. మూడో వారంలో ఆ తల్లి ఒక రైల్వే స్టేషన్లో కూతురి గౌను గుర్తుపడుతుంది. అది వేరే పిల్ల ఒంటి మీద ఉంది. తల్లి ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, గౌనుకు ఊడిపోయిన గుండీ కుట్టి పంపేస్తుంది. అక్కడ నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్షరాలు అలికినట్టయ్యాయి. అచ్చులో ఉన్నది చదివి ఏడవడం నాకు అదే మొదలు.

అప్ప పకపకా నవ్వింది. "సూడండర్రా! సూదులు నాకు, ఏడుపు ఈడికీ!"

"నవ్వకు వదినా, సూది ఊడిపోగల్దు" అన్నాడు వేటకెళ్లే ఆయన, తనూ కళ్లు తుడుచుకుంటూ.

నాకు భయం వేసింది. బతకమని చెప్పడానికి తెచ్చిన పుస్తకం ఇలాంటిదా? సంచిలో పెట్టేస్తూ, "ఇది వద్దప్పా. నవ్వుల పుస్తకం ఏదన్నా తెస్తాను" అన్నాను.

"మరి ఆ తల్లిని టేసన్లో వదిలీసి ఎల్లిపోతావేట్రా?" అంది అప్ప. మొహంలో నవ్వు లేదు. "దానికి మనవే కదరా తోడు. ఏటైతే అదే అవుద్ది. సదువు."

పుస్తకం మళ్లీ బయటికి తీసి చదివాను. నర్సు సూదులు తీసేసరికి ఆ తల్లి మళ్లీ రైలెక్కింది.

"నాను నేకుండా ముందుకి సదివీసావంటే సూడు" అంది అప్ప, చీర సర్దుకుంటూ.

తర్వాతిసారి ఆటో తీసుకుని వెళ్లేసరికి చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. "ఇంతసేపేట్రా!" అని విసుక్కుంది. ఆటో కదిలాక పుస్తకం అడిగి ఒళ్లో పెట్టుకుంది. చదవాల్సిన పేజీల మందం వేళ్లతో పట్టి చూసింది.

"ఇంకా సానా ఉంది" అంది. "ఇదైపోనాక దీనికన్నా లావుది సూడు."