జనవరిలో తెరచిన వంటింటి కిటికీ

1986వ సంవత్సరం. షికాగో శివారైన షామ్‌బర్గ్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా పనిచేస్తున్నాను. ముఖాస్థులలో గాలి నిండిన చిన్న గదులుంటాయి, వాటినే సైనస్‌లంటాము. వాటి లోపొర ఏళ్ల తరబడి వాచి మందులకు లొంగనప్పుడు శస్త్రచికిత్స తప్పదు. ఎండోస్కోప్ అనే సన్నని గొట్టాన్ని నాసికలోనికి పంపి, కంటితో చూస్తూ శస్త్రచికిత్స చేసే పద్ధతి ఈ దేశానికి అప్పుడప్పుడే వచ్చింది. దానిపై నాకు మక్కువ ఎక్కువ.

ఆ జనవరిలో సుగుణ అనే ముప్పైయేళ్ల గృహిణి భర్త ప్రసాదరావుతో వచ్చింది. ఆరేళ్లుగా తలనొప్పి, ముక్కు దిబ్బడ. స్కాన్‌లో సైనస్‌లన్నీ మూసుకుపోయి, పాలిప్‌లు, అనగా ద్రాక్షపండ్ల వంటి మెత్తని కండలు, నిండి కనిపించాయి.

"వాసన తెలుస్తోందా అమ్మా?"

"లేదండీ."

కాగితంపై ఒక్క మాట వ్రాసుకుని తరువాతి ప్రశ్నకు సాగిపోయాను.

ప్రసాదరావు అందుకున్నాడు: "ఈవిడ సంగతి చెప్తే నవ్వుతారండీ. బయట మంచు కురుస్తుంటే కిచెన్ విండో ఓపెన్ చేసి పెడుతుంది. హీటర్ ఒక పక్క, కిటికీ ఒక పక్క. ఇంట్లో కోటేసుకుని టీవీ చూస్తున్నా!"

"ఊపిరాడక గాలి కోసమై ఉంటుంది" అన్నాను. అందరమూ నవ్వాము. ఆమె కాస్త ఆలస్యంగా నవ్వింది.

శస్త్రచికిత్స అవసరమని చెప్పి, సమ్మతిపత్రం చేతికిచ్చి సందేహాలుంటే అడగమన్నాను. అమెరికన్ రోగులు దానిని పంక్తి పంక్తీ చదివి అరగంట ప్రశ్నిస్తారు. ఆమె చదవనైనా లేదు. "మీకు తెలియంది ఏముందండీ, మీ ఇష్టం" అని సంతకం చేసింది. మనవారిలో వైద్యుని ప్రశ్నించడం అపనమ్మకం కింద లెక్క. ఆ మాటను నేను గౌరవంగానే స్వీకరించాను.

శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగింది. ఆరు వారాల తరువాత పరీక్షిస్తే మార్గాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. భర్త పద్దెనిమిది నెలల పాపను ఎత్తుకుని బయట కూర్చున్నాడు.

"నొప్పి?"

"పోయిందండీ."

"గాలి?"

"బాగా ఆడుతోంది."

"మరి కిటికీ మూశారా?" అన్నాను, సరదాకు.

ఆమె తల వంచుకుంది. "లేదండీ. లాస్ట్ ఇయర్ స్టవ్‌లో పైలట్ ఆరిపోయింది."

పైలట్ అంటే ఆ కాలపు గ్యాస్ పొయ్యిలో నిరంతరం వెలిగే చిన్న మంట. అది ఆరితే గ్యాస్ ఇంట్లోకి వస్తుంది.

"నాకేం తెలీలేదండీ. పాప అక్కడే ఆడుకుంటోంది. పక్కింటావిడ గ్యాస్ వాసన పట్టి, వచ్చి తలుపు బాదబట్టి..."

"ఆయనకు చెప్పలేదా?"

"చెప్తే పాపను నా దగ్గర వదలరేమోనని. ఆపరేషన్ చేస్తే వాసన వస్తుందనుకున్నా. మీరు అనలేదు, నేను అడగలేదు."

దీర్ఘకాలపు వాపు వలన పోయిన ఘ్రాణశక్తి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. సంతకానికి ముందు చెప్పవలసిన ఆ మాటను అప్పుడు చెప్పాను. పిమ్మట ఆమె అనుమతితో భర్తను లోనికి పిలిచాను.

అంతా విని అతడు పాపను ఆమె ఒడిలో కూర్చోబెట్టాడు. "ఇన్నాళ్లూ నేను కోటు మీద జోకులేస్తున్నానా! ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న అపార్ట్‌మెంట్ చూద్దాం, పద."

నేను చూసినంతకాలం ఆమెకు వాసన తిరిగి రాలేదు. మరుసటి జనవరిలో పరీక్షకు వచ్చినప్పుడు నేను అడగకముందే చెప్పింది: "మూసేశానండీ."

నా పరికరం ముక్కు లోపల చూపగలిగినదంతా చూపింది. ఆమె భయం అక్కడ లేదు. నాటి నుండి సమ్మతిపత్రం ఇచ్చే ముందు ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడిగేవాడిని: "ఈ ఆపరేషన్ వలన మీకేం కావాలి?" మనవారు సాధారణంగా "మీ ఇష్టం డాక్టరుగారూ" అనేవారు. అప్పుడు కలం జేబులో పెట్టుకుని, వారు మళ్లీ మాట్లాడేవరకు వేచి ఉండేవాడిని.