ఆరో వరుస

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతిని మా ఇంట్లో నలభై ఏళ్లుగా తప్పుగా చెప్పుకుంటున్నారు. ఆ తప్పు పుట్టించింది నేనే.

మాది పెనుకొండ. బడిపంతులుగా రిటైరైన మా తాతయ్య ఆదివారం పొద్దున నన్నూ, పక్కింటి అక్కనూ వెంటబెట్టుకుని కోట ద్వారం, గగన్ మహల్, జైనుల గుడి బసది చూపిస్తూ దర్గా దాకా నడిపించేవాడు. దారిలోని పాత శాసనాలు చదవడం ఆయనకు ఇష్టం. అరిగిన అక్షరాలు ఎండలో కనిపించవు. దోసెడు నీళ్లు చల్లి అరచేత్తో రుద్దితే నల్లగా పైకి తేలతాయి. ఆరిపోయేలోపు చదివి రాసుకోవాలి. అక్క ఆ పాత లిపి చదవడం నేర్చుకుంటోంది. పదో తరగతి తప్పి ఇంట్లో ఉండిపోయిన ఆమెకు వాటిని రాసుకునే నోటుపుస్తకమే బడి.

ఆ ఏడు వానలు లేవు. కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది. అయినా ఆ రోజు అక్క మరచెంబు నిండా నీళ్లు పోసి, మూత బిగించి తెచ్చింది. తాగడానికీ, రాతికీ అవే.

బసది దాటాక ఉన్న శాసనంలో ఆమె అప్పటికి అయిదు వరుసలు రాసుకుంది. ఎండ ముదిరిందని, ఆరో వరుస వచ్చేవారం చూద్దామని తాతయ్య నీడన కూర్చున్నాడు. అక్క ఆయనకు పాత వరుసలు చదివి వినిపిస్తోంది. చెంబు నా దగ్గరుంది. రాయి మొత్తం ఒక్కసారే చూడాలనిపించి, దాని దగ్గరికి తిరిగి వెళ్లి నీళ్లన్నీ పోసేశాను. పైనుంచి కిందిదాకా అక్షరాలు లేచాయి. చూస్తుండగానే ఆరిపోయాయి.

దర్గా దగ్గరికి వచ్చేసరికి తాతయ్యకు కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని కూలబడ్డాడు. మూత తీస్తే చుక్క లేదు.

"నీళ్లు యాడికి పోయినాయిరా?"

"అక్క సగమే తెచ్చింది తాతా. అయిపోయినాయి."

అక్క తడిసిన నా చొక్కా అంచు చూసింది. తాతయ్యకు కనబడకుండా నా ముందుకొచ్చి నిలబడింది.

"అవును తాతా. తొందరలో చూసుకోల్యా."

పూలమ్మే ముసలాయన గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. "ఏమప్పా పంతులూ, ఈ ఎండలో రాళ్లెమ్మడి తిరిగేకి నువ్వేమన్నా పిల్లోడివా?"

తాతయ్య నవ్వలేదు. నీళ్లు తాగి అక్కవైపు తిరిగాడు. "మనిషికి నీళ్లు తేవల్లని తెలీనిదానికి రాళ్లతో ఏం పనిమ్మే? ఇంక రావాకు."

ఆమె మళ్లీ రాలేదు. మరుసటేడు పెళ్లయి కుందుర్పి వెళ్లిపోయింది. తాతయ్య నిజం తెలియకుండానే పోయాడు. ఆమె మా ఇంట్లో 'సగం నీళ్లు తెచ్చిన పిల్ల'గా మిగిలిపోయింది.

మొన్న మా గృహప్రవేశానికి అక్క వచ్చింది. తల నెరిసింది. ఎవరో ఆ మాటే ఎత్తి నవ్వితే తనూ నవ్వింది. నేను భరించలేక, చెంబు నిండా తెచ్చిందని, పారబోసింది నేనని అందరి ముందూ చెప్పాను. ఎందుకు ఊరుకున్నావని ఆమెను అడిగాను.

"నీ చొక్కా తడిసిండె గదప్పా. దెబ్బలు తింటావని," అంది. మళ్లీ మెల్లగా అడిగింది. "రాయంతా తడిపితివి గదా. ఆరో వరుసలో ఏముండె?"

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అక్షరాలన్నీ లేచినప్పుడు దాని ముందు ఉన్నది నేనొక్కణ్ణే. వాటిలో ఒక్కటీ నాకు చదవడం రాదు. చదవగలిగిన మనిషి పది అడుగుల దూరంలో, ఒడిలో పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది. నేను పిలవలేదు.