ఆరు సిలిండర్లకు ఆయాసం

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి సంవత్సరం, జూన్ నెల చలివానల్లో, నన్ను రెండు డీజిల్ ఇంజన్ల మధ్య తీర్పరిగా నియమించారు. అప్పటికి నేను దక్షిణ ఆక్లాండ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీకి ఫ్లీట్ ఇంజనీరును. రోడ్ల కింద పగిలిన మంచినీటి పైపులు బాగుచేయడం కంపెనీ పని, ఆ పనికి వెళ్లే బండ్లన్నీ కదిలేలా చూడటం నా పని. హోదాలో వర్క్‌షాప్ ఫోర్‌మన్‌కు పైన, ఆపరేషన్స్ మేనేజరుకు కింద. అంటే తిట్లు పైనుంచీ కిందినుంచీ సమానంగా అందే మెట్టు. యాభై అయిదేళ్లకే కంపెనీ నా మెట్టును పీకేస్తే, దానికి రిటైర్మెంటని నేనే గౌరవంగా పేరు పెట్టుకున్నాను.

ఈ దేశంలో పికప్ ట్రక్కును యూట్ అంటారు. గోతులు తవ్వే మా డిగ్గర్ యంత్రాన్ని ట్రైలరు మీద పెట్టి లాగడానికి మామూలు యూట్లు చాలడం లేదని, అమెరికా నుంచి దిగుమతి చేసి స్టీరింగును కుడివైపుకు మార్చిన హెవీ డ్యూటీ రకాలు రెండు పరీక్షకు తెప్పించారు. బానెట్ మీద ఒక బంతి పెళ్లి భోజనం వడ్డించవచ్చు. పాపటోయిటోయిలోని మా యార్డులో వాటిని పక్కపక్కన నిలిపిన రోజు ఆఫీసులో పగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది.

ఒకదానిలో ఆరు సిలిండర్లు వరుసగా నిలబడి ఉంటాయి. తక్కువ వేగంలోనే బరువును భుజానికెత్తుకునే రకం. విడిభాగాలు కాస్త తక్కువ, ఎగుడు దిగుళ్లలో నిదానం. రెండోదానిలో ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, వి అక్షరంలా విచ్చుకుని ఉంటాయి. పొట్టిగా ఉంటుంది, చురుగ్గా అందుకుంటుంది, బానెట్ కింద మాత్రం మెకానిక్ చెయ్యి దూరే సందు ఉండదు. ఏది కొనాలో సీజను చివరికల్లా తేల్చమన్నాడు మా ఆపరేషన్స్ మేనేజరు గ్రెగ్.

గ్రెగ్ మంచివాడే, కాకపోతే బ్రోషర్లు చదువుతాడు. చక్రాన్ని తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని నన్ను కారిడార్లో, క్యాంటీన్లో, చివరికి బాత్రూములో పక్కన నిలబడి కూడా నిలదీసేవాడు. రంగిటోటో దీవిని ఒడ్డుకు లాక్కొచ్చే పని మనకు కౌన్సిల్ ఇవ్వలేదని, మనం వెళ్లేది పక్కనున్న మనురేవాకేనని ఎంత చెప్పినా వినడే.

ఎనిమిది సిలిండర్ల బండిని సియోనే అనే టాంగా దేశస్థుడికి ఇచ్చాం. తలుపులో నిలబడితే తలుపు కనపడని మనిషి. ఆరు సిలిండర్లది ప్రసాద్‌కు. ప్రసాద్‌ది అమలాపురం దగ్గర. స్టూడెంటు వీసా మీద వచ్చి, చదువు ముగించి, పార పట్టుకుని గోతిలోకి దిగినవాడికి మళ్లీ పైకి రావడానికి ఏళ్లు పట్టింది. అప్పుడతను తాత్కాలిక క్రూ లీడరు. క్రూ లీడరంటే బండి నడిపి, మనుషుల్ని పురమాయించి, గోతి గట్టున నిలబడేవాడు. నడుములో డిస్కు జారింది, ఇక తవ్వకూడదని ఫిజియో ఖరాఖండిగా చెప్పాడు. ఆ పదవి ఖాయమైతే గట్టు మీద, కాకపోతే మళ్లీ గోతిలో. బండిని సవ్యంగా నిలబెట్టుకోలేనివాడు క్రూను ఏం నిలబెడతాడని గ్రెగ్ ముందే అనేశాడు.

పరీక్ష మొదలైన కొద్దివారాలకే ప్రసాద్ బండి కుంటడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం, ఆపైన లింప్ మోడ్. అంటే ఇంజనుకు ఏదో ముప్పని కంప్యూటరు అనుమానించి బలాన్ని కోసేయడం. అంత టార్కూ పెట్టుకుని ఆ బండి స్కూలు పిల్లల సైకిళ్ల వెనక పాకేది. డీలరు వర్క్‌షాప్‌కు పంపితే లాప్‌టాప్ తగిలించి, కారణమేమీ చెప్పకుండా బాగుచేసి పంపారు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాం. సియోనే బండికి మాత్రం తుమ్మైనా రాలేదు. ఆరు సిలిండర్లు దండగన్నాడు గ్రెగ్. ఆ తరువాత, బహుశా ప్రసాదే దండగేమో అని కూడా అన్నాడు. రెంటిలో ఏదో ఒక్క మాటలో రాసిమ్మన్నాడు.

ఇక లాభం లేదని ఒక ఉదయం ప్రసాద్ పక్కన ఎక్కి కూర్చున్నాను. ఎక్కేముందు బూట్లు విప్పమన్నాడు. నా వృత్తి జీవితంలో బూట్లు విప్పి ఎక్కిన డీజిల్ వాహనం అదొక్కటే. సీట్లకు ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. కదిలినప్పుడల్లా అప్పడాలు నలిగినట్టు చప్పుడు. బానెట్‌కు పసుపు, బొట్టు. ఫ్లాట్ బుష్‌లో వాళ్లింటి ముందు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి పూజ చేయించారట. దానికి నాకు అభ్యంతరం లేదు, మా ఇంట్లో వాషింగ్ మెషీనుకే బొట్టు పెట్టారు. ఆ తరువాత జరిగిందే అసలు సంగతి. చలికి ఇంజను వేడెక్కాలని ఒక టీ కాచి తాగేంతసేపు ఊరికే తిప్పాడు. కొత్త బండి నలిగిపోతుందని యాక్సిలరేటరును వేలితో వీణ మీటినట్టు తాకాడు. మమ్మల్ని ఒక వాకింగ్ స్టిక్ ఆవిడ దాటిపోయింది. చేత్తో సైగ కూడా చేసింది.

మనురేవా దగ్గర ఎర్రలైటు పడింది. ఆగి ఉండగానే ఇంజను దానంతటదే వేగం పెంచింది. కింద ఫ్యాను హోరెత్తింది. వేడి ఇనుము వాసన వచ్చింది. ప్రసాద్ చటుక్కున కీ తిప్పి ఇంజను ఆపేశాడు. వెనక హారన్లు మొదలయ్యాయి.

ఎందుకాపావయ్యా అని అడిగాను.

"దానికి ఆయాసం వస్తందండి. కాసేపు ఊపిరి తీసుకోనివ్వాలి గదండీ, పాపం."

"ఇలా ఎన్నిసార్లు ఆపావు?"

"వచ్చినప్పుడల్లానండి. నేనేమన్నా రాక్షసుణ్ణా?"

నాకు బీపీ ఆకాశానికెళ్లింది. ఈ తరం డీజిల్ ఇంజన్లకు సైలెన్సరు దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది. పొగలోని మసిని పట్టి దాచుకుంటుంది. నిండబోతే ఇంజనే కాస్త ఎక్కువ డీజిల్ పోసుకుని, వేడి పెంచి, ఆ మసిని కాల్చేసుకుంటుంది. దాన్ని రీజెన్ అంటాం. వేగం పెరగడం, ఫ్యాను హోరు, ఆ వాసన, అన్నీ దాని గుర్తులే. మధ్యలో ఆపితే మసి మిగిలిపోతుంది. ఊరికే తిప్పినా, నత్తలా నడిపినా మసి ఇంకా పేరుకుంటుంది. మా ప్రసాద్ ఈ మూడూ, భక్తితో, ఒక్కటీ తప్పకుండా చేశాడు. ప్రేమ ఎక్కువై ఊపిరాడకుండా చేయడమంటే ఇదే.

వెంటనే ఆ బండికి డిగ్గర్ తగిలించి ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న బాంబే కొండల మీదికి ఎక్కించమన్నాను. కీ మీద చెయ్యి వేస్తే బండి దిగిపొమ్మన్నాను, ప్రాణం తీసినా ఆపొద్దన్నాను. ఫ్యాను హోరెత్తిన ప్రతిసారీ ప్రసాద్ కళ్లు మూసుకోబోయాడు. మోటర్‌వే మీద కళ్లు మూసుకోవద్దని అది వేరే పోట్లాట. కొండ దిగేసరికి పసుపు దీపం ఆరిపోయింది. వెనకాల డిగ్గర్ ఉందో లేదో తెలియనట్టుగా ఇంజను లాగింది. దిగుడులో ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే పొగదారిని బిగించి ఇంజను చేతనే వేగం తగ్గించే ఏర్పాటు, డిగ్గర్ బరువునంతా పట్టి ఆపింది. అసలు బ్రేకు తొక్కే పనే పడలేదు.

యార్డుకు తిరిగొచ్చాక ఇద్దరం కిందికి దిగలేదు. గ్రెగ్ అడిగిన ఒక్క మాట ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజను మంచిదని రాస్తే తప్పు ప్రసాద్‌ది. ప్రసాద్‌ను కాపాడితే మంచి ఇంజను చెడ్డదవుతుంది. ప్రసాద్‌కూ అది అర్థమైంది.

"బండి మీదే రాసేయండి సార్," అన్నాడు స్టీరింగు తుడుస్తూ. "దానికి నడుం నొప్పి లేదు గదా."

అలా రాయలేనన్నాను. అతను తుడవడం ఆపలేదు.

మర్నాడు గ్రెగ్ గదిలో నేను రెండువైపులా సర్దుతూ మాట్లాడుతున్నాను. సాంకేతిక పదాలు గుప్పించి గది నింపేశాను. ఒక్క మాట చెప్పమని గ్రెగ్ మూడోసారి అడిగేలోపు తలుపు దగ్గరున్న ప్రసాద్ లోపలికి వచ్చి ఇంగ్లీషులో చెప్పేశాడు. ఇంజనులో లోపం లేదు, మధ్యలో ఆపింది తనే, ఆపకూడదని తనకెవరూ చెప్పలేదు. నడుం సంగతి ఎత్తలేదు.

గ్రెగ్ సియోనేను పిలిపించాడు. రీజెన్ గురించి నీకెవరు చెప్పారని అడిగాడు. సియోనే ఆలోచించి, ఆ మాటే వినలేదన్నాడు. ఫ్యాను హోరు వినపడలేదా అంటే, పాటల సౌండులో బండి హోరే వినపడదన్నాడు. మధ్యాహ్నం బండిలో కూర్చుని, మాంసం కూరిన రొట్టె, అదే పై, తినేటప్పుడు ఇంజను ఆపుతావా అని నేను అడిగాను. హీటరు ఉండగా ఎందుకు ఆపాలని నన్నే జాలిగా చూశాడు.

అదీ మా పరీక్ష. ఎనిమిది సిలిండర్ల ఘనవిజయం వెనక ఒక స్పీకరూ, ఒక మాంసం పైయూ ఉన్నాయి. హోరు వినపడక, ఇంజను ఆపక, అతని బండిలో రీజెన్ ఏనాడూ మధ్యలో ఆగలేదు. డీలరు మనిషి అప్పగింత రోజున పూటంతా టార్క్ గురించే ఉపన్యసించాడు, ఫిల్టరు గురించి నోరెత్తలేదు. ఇప్పటిదాకా మనం పోల్చింది ఇంజన్లను కాదు, డ్రైవర్లను అని గ్రెగ్‌కు చెప్పాను. గ్రెగ్ బ్రోషరును సొరుగులో పెట్టాడు. ఆ దృశ్యం చూడటానికి నేను అన్నాళ్లు ఉద్యోగం చేశాననిపించింది.

డ్రైవర్లను మార్చి పరీక్ష మళ్లీ నడిపాం. రెండు బండ్లూ బాగానే పనిచేశాయి. కొండ దిగుడులో ఆరు సిలిండర్లది మేలని, ఊళ్లో తిరగడానికి ఎనిమిదిదని వివరంగా రాశాను. కంపెనీ చివరికి ఏది ముందు ఓడలో దొరికితే అది కొంది. ఆరు సిలిండర్లది దొరికింది. ప్రసాద్‌ను గ్రెగ్ ఖాయం చేశాడు. దయతో కాదు, చేసిన తప్పును తన నోటితో చెప్పే క్రూ లీడరు దొరకడం కష్టమని ఆయనే నాతో అన్నాడు. కొత్త డ్రైవర్లకు బండి అప్పగించే పని కూడా ప్రసాద్‌కే పడింది. ఇంకా బూట్లు విప్పిస్తున్నాడని ఫిర్యాదులు నాదాకా వచ్చాయి.

ఆ తరువాత ఏ రెండు ఇంజన్లను పోల్చమన్నా నేను ముందు బానెట్ ఎత్తలేదు. బూట్లు విప్పమన్నా విప్పి, డ్రైవరు పక్కన కూర్చుని, అతను ఎప్పుడు ఆపుతాడో, ఎందుకు ఆపుతాడో చూశాను. ఇంజను గురించి తెలియవలసిన దాంట్లో సగం అక్కడే తెలిసేది.