రిలీవర్ రాని డ్యూటీ

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మాది రామతీర్థం. మా నాన్నగారివాళ్ళు తరతరాలుగా గుళ్ళో సన్నాయి వాయించేవాళ్ళు. పొద్దున్న లేస్తే కొండమీద ఎవరో నడిచారనో, తలుపులు మూసిన గుడిలో గంట మోగిందనో ఏదో ఒక కథ. గంట తాడు పట్టుకుని కోతి ఊగి ఉంటుందని చెప్పి చీవాట్లు తిన్నదాన్ని నేను. పెద్దయ్యాక లెక్కల టీచర్నయ్యాను. రుజువు లేకుండా జవాబు రాస్తే పిల్లలకి సున్నా వేస్తాను.

ఇప్పుడు రాయబోయేదానికి నా దగ్గర రుజువు లేదు. ఇది ఇంకొకరికి జరిగిందని ఎవరైనా చెబితే నేనూ నవ్వేదాన్నే. కానీ ఇది జరిగింది నా నోటితోనే. అందుకే రాస్తున్నాను.

మాది ప్రేమ పెళ్ళి. మా ఆయనవాళ్ళు శ్రీకాకుళం తీరంలో చేపలవేట మీద బతికినవాళ్ళు. మా నాన్నగారు చాలాకాలం మా గడప తొక్కలేదు. మావయ్యగారు మాత్రం నన్ను కన్నకూతురిలా చూసుకున్నారు. ఆయన పేరు ఎర్రయ్య. వాళ్ళింట్లో వల వదిలి నేవీలో చేరింది ఆయనొక్కరే. అత్తగారు పోయాక ఆయన్ని చీపురుపల్లిలో మా దగ్గరికి తెచ్చుకున్నాం.

ఆయన పనిచేసింది ఒక పాత డిస్ట్రాయర్‌లో, బాయిలర్ గదిలో. ఆ ఓడ చరిత్ర ఆయన పురాణం చెప్పినట్టు చెప్పేవారు. దాన్ని ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్నారట. వాళ్ళ యుద్ధంలో గడ్డకట్టే సముద్రాల్లో సరుకు ఓడలకి కాపలా కాసిందట. యుద్ధం అయ్యాక దానికి పేరు మార్చి, రంగు మార్చి మనకి ఇచ్చారట. "అదీ నీలాటిదేనమ్మా, వేరే ఇంటి నుంచి మనింటికొచ్చిన కోడలు" అని నన్ను ఆటపట్టించేవారు.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చేసరికి అది ముసలిదైపోయింది. కొత్త ఓడలు దాడికి వెళితే దీన్ని బంగాళాఖాతంలో కాపలాకి పెట్టారు. నీటికింద జలాంతర్గామి ఉందని అనుమానం వస్తే చాలు, నీటిబాంబులు వదలడమే దాని పని. ఆ చప్పుడుకి బాయిలర్ గదిలో వేడి పోకుండా గొట్టాలకి చుట్టిన రాతినార రాలి తలల మీద పడేదట. "యుద్ధం చూశారా మావయ్యా?" అని ఒకసారి అడిగాను. "నాను సూడ్లేదమ్మా. ఇన్నాను" అన్నారు.

ఆ యుద్ధంలోనే ఒక రాత్రి ఆయన్ని డ్యూటీ దించాల్సిన మనిషి రాలేదు. మావయ్యగారు ఒక్కరే రెండు డ్యూటీలూ నిలబడి చేశారు. ఆ మనిషి ఎవరో, ఎందుకు రాలేదో మాకు తెలీదు. మా ఆయన అడిగితే మావయ్యగారు లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

డ్యూటీ దించడానికి అక్కడొక పద్ధతి ఉందని మాత్రం చెప్పేవారు. బాయిలర్ పక్కన గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతున్నాయో అందులో కనిపిస్తుంది. నీళ్ళు తగ్గితే బాయిలర్ పేలుతుంది, గదిలో ఉన్నవాళ్ళందరూ పోతారు. అందుకని కొత్తగా వచ్చినవాడు తన కళ్ళతో గాజు చూసి, నీళ్ళు ఎంతున్నాయో, ఏది ఎలా ఉందో తన నోటితో చెప్పాలి. దిగేవాడు చెప్పకూడదు. దిగేవాడు చెబితే ఎక్కేవాడు నిద్రమత్తులో తలూపుతాడు. "ఆడు సరిగ్గా సెప్పేదాకా మనం కదలకూడదు" అనేవారు మావయ్యగారు.

ఆయనకి మతిమరుపు రావడం ముందు చిన్నగానే మొదలైంది. తర్వాత మమ్మల్ని గుర్తుపట్టడం మానేశారు. ఆ తర్వాత వంటింట్లో నిలబడడం మొదలుపెట్టారు.

మా వంటింట్లో పాతకాలం స్టీలు వాటర్ ఫిల్టరు ఉంది. లోపల నీళ్ళెంతున్నాయో తెలిసేలా దానికి పక్కన సన్నటి గాజుగొట్టం ఉంటుంది. ఆయన దాని ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చేత్తో గట్టు పట్టుకుని, కళ్ళార్పకుండా నిలబడేవారు. కుర్చీ వేస్తే తన్నేసేవారు. ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెడితే మళ్ళీ లేచి వచ్చేసేవారు. "రిలీవర్ రాలేదు" అనేవారు. అంతకుమించి మాట లేదు.

కాళ్ళు వాచి నున్నగా మెరవసాగాయి. చర్మం పగిలి నీరు కారేది. కాళ్ళు పైకి పెట్టి పడుకోకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. నిద్రమాత్రలు ఇస్తే నిలబడే తూలి పడ్డారు. తలకి దెబ్బ తగిలింది. లేచి, రక్తం కారుతుండగానే మళ్ళీ గాజు ముందుకే వెళ్ళారు. ఆ రోజు నేను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆయనా నాలాగే టీచరు, ఆయన దగ్గర చదువుకున్నవాడొకడు ఇప్పుడు నేవీలో ఉన్నాడు. వాడి దగ్గర తెల్లటి యూనిఫారం, టోపీ అరువు తెచ్చుకున్నారు. అవి వేసుకుని వంటింట్లోకి వెళ్ళి, "అయ్యా, నీ డ్యూటీ అయిపోనాది. ఎల్లి తొంగో" అన్నారు.

బాయిలర్ గదిలోకి తెల్లబట్టలతో వచ్చేది ఆఫీసరు మాత్రమేనని మాకేం తెలుసు? మావయ్యగారు చటుక్కున సెల్యూట్ కొట్టి బిగుసుకుపోయారు. "అంతా బాగున్నాది సార్" అన్నారు. ఆఫీసరు ముందు కూర్చోకూడదు కదా, ఆ రోజు ఎవరెంత బతిమాలినా గట్టు వదల్లేదు. తండ్రి చేత సెల్యూట్ కొట్టించుకున్న మా ఆయన ఆ టోపీ ఒళ్ళో పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుండిపోయారు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయినట్టయింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తర్వాత ఆ పద్ధతి ప్రకారమే ప్రయత్నించాం. మా ఆయన పాత నీలం చొక్కాకి నూనె మరకలు చేసుకుని, పక్కన నిలబడి, "నీళ్ళు నిండా ఉన్నాయి" అన్నారు. మావయ్యగారు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "నువ్వు కాదు" అన్నారు. ఏం చెప్పాలో మీరే చెప్పండని కాళ్ళు పట్టుకున్నాం. దిగేవాడు చెప్పకూడదు. ఆయన చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న నేను ఫిల్టరు విప్పి కడిగి, మళ్ళీ బిగించి ఆరడానికి వదిలేశాను. నీళ్ళు పోయలేదు. మధ్యాహ్నం మా ఆయన ముందుగదిలో భోంచేస్తున్నారు. నేను మావయ్యగారికి చోడి అంబలి తాగిద్దామని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పట్టపగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పక్కింట్లో కుక్కర్ కూత వేస్తోంది. భయపడడానికి అక్కడేమీ లేదు.

గిన్నె గట్టు మీద పెట్టి ఆయన పక్కన నిలబడ్డాను. గాజుగొట్టం వైపు చూశాను. నీళ్ళు సగానికి ఉన్నాయి. పైకీ కిందికీ మెల్లగా ఊగుతున్నాయి. నా కాళ్ళు ఎడంగా జరగడం నాకు తెలుస్తూనే ఉంది. చెయ్యి వెళ్ళి గట్టు పట్టుకుంది.

అప్పుడు నా నోరు మాట్లాడింది.

"నీరు సగానికున్నాది. మూడోదాన్ని నమ్మకు, ఉమ్ముతన్నాది. నానొచ్చీసేను కదా. ఎల్లి తొంగో బావా."

గొంతు నాదే. మగగొంతు రాలేదు, ఒళ్ళు ఊగలేదు. కానీ మావయ్యగారిని నేను ఏనాడూ 'మీరు' అనే తప్ప పిలవలేదు. కోడలు మావగారిని పట్టుకుని బావా అనడమేమిటి? అన్న మాట చెవిన పడ్డాకే అన్నానని తెలిసింది.

మావయ్యగారు తల తిప్పి నన్ను చూశారు. ఎన్నో నెలల తర్వాత ఆ కళ్ళలో మనిషిని గుర్తుపట్టిన చూపు కనబడింది.

"దానయ్యా, ఇంత ఆలిస్యమేట్రా?" అన్నారు.

"సంద్రం బాగోలేదు బావా. దాటలేకపోనాను." అదీ నేనే అన్నాను.

ఆయన గట్టు వదిలేశారు. చేతులు లుంగీకి తుడుచుకున్నారు. నా భుజం మీద ఒకసారి తట్టి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. నేను వెనకే వెళ్ళి కాళ్ళకింద దిండ్లు పెట్టేలోపే గురక మొదలైంది.

మా ఆయన ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఏటే, అయ్యని ఏటన్నావు నువ్వు?" అన్నారు. నేను నేలమీద కూర్చుండిపోయాను. కాసేపయ్యాక వంటింట్లోకి వెళ్ళి ఫిల్టరు వైపు చూశాను. గాజుగొట్టం పొడిగా ఉంది. మూత తీసి చూస్తే లోపల చుక్క నీరు లేదు.

మావయ్యగారు ఆ రోజంతా, ఆ రాత్రంతా నిద్రపోయారు. లేచి చేపలపులుసు అడిగారు. వాపు తీసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఫిల్టరు ముందు నిలబడలేదు. చలికాలం వెళ్ళాక ఒక ఉదయం మంచం మీదే, నిద్రలోనే, హాయిగా పోయారు.

ఈలోగా నేను నాకు చేతనైనంత లెక్క వేసుకున్నాను. నిద్రలో ఆయన గొణిగింది వినుంటాను. అలసటలో గాజులో లేని నీళ్ళు చూసుంటాను. మా ఆయన అయితే, నేను తెలివిగా నాటకమాడానని చాన్నాళ్ళు మెచ్చుకున్నారు. నేనూ ఆ మెప్పు కాదనలేదు. అదే నిజమైతే బాగుండునని అనుకున్నాను.

మావయ్యగారి దినానికి సోంపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పేరు సింహాద్రి. అదే ఓడలో, అదే బాయిలర్ గదిలో పనిచేశారట. భోజనాలయ్యాక దానయ్య ఎవరని అడిగాను. జరిగింది మాత్రం చెప్పలేదు.

"ఎర్రయ్య సెల్లిల్ని సేసుకోవలసినోడమ్మా. అందుకే ఈణ్ణి బావా బావా అనీవోడు" అన్నారు. ఆ పాత ఓడల్లో పడుకునే చోటినుంచి బాయిలర్ గదికి వెళ్ళాలంటే పైన డెక్కు మీదుగానే దాటాలట. యుద్ధమని దీపాలన్నీ ఆర్పేశారట. పెద్ద అల వచ్చిందట. డ్యూటీ ఎక్కడానికి బయల్దేరిన దానయ్య మళ్ళీ ఎవరికీ కనబడలేదట.

"ఆయన డ్యూటీ దించేటప్పుడు ఏమని చెప్పేవాడు?" అన్నాను.

సింహాద్రిగారు నవ్వారు. "అందరం ఇంగిలీసులో సెప్పాలమ్మా. ఆడు మాత్రం మన మాటే. నీరెంతున్నాదో సెప్పి, మూడోదాన్ని నమ్మకు అనీవోడు. మూడో బర్నరు నోరు పాడయిపోనాది, నూని ఉమ్మీసేది. ఆ గదిలో మాకు తప్ప ఆ సంగతి ఎవులికీ తెల్దు. ఆకర్ని, ఎల్లి తొంగో బావా అనీవోడు."

అప్పుడు జరిగిందంతా చెప్పాను. మా ఆయన కూడా అక్కడే ఉన్నారు. ఆ రోజు తర్వాత నాటకమన్న మాట ఆయన నోట రాలేదు. సింహాద్రిగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళకి దాటినాడన్నమాట ఎదవ" అన్నారు. తర్వాత నావైపు చూసి అడిగారు.

"మరి నిన్నెవులు దింపినారమ్మా?"

ఆ మధ్యాహ్నం నా నోట వచ్చిన మాటలు ఎవరివో, ఎలా వచ్చాయో ఈరోజుకీ నాకు తెలీదు. నాకు భయం లేదు. దానయ్య అన్న పేరు వింటే మాత్రం తమ్ముణ్ణి పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

కొత్త ఫిల్టరు కొన్నాం. పాతది తీసెయ్యమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా తియ్యలేదు. పొద్దున్న వంటింట్లోకి వెళ్ళగానే ముందు దాని గాజు చూస్తాను. నీళ్ళెంతున్నాయో పైకే అంటాను. తగ్గితే పోస్తాను. ఆ రోజు నేను డ్యూటీ ఎక్కాను. దిగినట్టు గుర్తు లేదు.